ఆ కాగితం మీద పడని సంతకం

మొన్న కంటి పరీక్షకని మాదాపూర్ వెళ్తూ, అద్దాల మేడల నడుమ ఇంకా మిగిలివున్న ఓ నల్లరాతి గుట్టను ఆటోలోంచి చూసేసరికి, అక్కడ బండలు పేల్చే రోజుల్లో జీవిత బీమా ఏజెంటుగా తిరిగిన నాకు, ఇన్నేళ్లుగా ఎవరితోనూ చెప్పుకోని ఓ సంగతి గుర్తొచ్చి కాసేపు మనసు మనసులో లేకుండా పోయింది.

తొంభైల చివర్లో మావారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి మియాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. కొత్త ఆఫీసుల పునాదులకు బండలు పేల్చే అన్నదమ్ములిద్దరిలో తమ్ముడు నా దగ్గర పాలసీ కట్టాడు. అతనికి పెళ్లవగానే నామినీగా భార్య పేరు రాయించాను. ఆ ఏడే ఓ మధ్యాహ్నం అన్న అతన్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి, ఆ పాలసీని తన పేరుకు బదిలీ చేసే కాగితం తీసి, ఇంటి పెద్దవాడి పేరున ఉంటే భద్రమని, సాక్షి సంతకం నన్నే పెట్టమని అడిగాడు. తమ్ముడు మంచినీళ్లకని పెరట్లోకి వెళ్లగానే నా వైపు కాస్త వంగి, "సంతకం అయినంక వానికేమన్న అయితే, ఎన్ని దినాలకు వస్తయి మేడం పైసలు?" అన్నాడు.

ఆ గొంతులో తొందర లేదు, దిగులూ లేదు. బస్సెప్పుడొస్తుందని అడిగినట్టే అడిగాడు. తమ్ముడు వచ్చి కలం తీసుకోబోతుంటే ఆపాను.

"చూడు బాబూ, నామినీ అంటే నీ తర్వాత డబ్బు అందుకునే మనిషి, అంతే. నువ్వున్నన్నాళ్లూ పాలసీ నీదే, ఆ పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇది అలా కాదు. దీని మీద సంతకం పెడితే పాలసీయే మీ అన్నదవుతుంది. నీ భార్య పేరు ఇక చెల్లదు."

అతను ఇంట్లో అడిగి చెప్తానని కలం కింద పెట్టేశాడు. అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి భార్య, అయిదో నెల కడుపుతో ఒక్కతే నడిచొచ్చి, కొంగులోంచి పాలసీ బాండు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంట్ల ఉంటే మా బావ ఎట్లనన్న సంతకం చేపిస్తడమ్మా. జర మీ కాడనే ఉంచుండ్రి." బాండు జతచేయనిదే ఆ బదిలీ సాగదు.

ఆ వారమంతా సాయంత్రం కాగానే అన్న మా గేటుకెదురుగా స్కూటరాపి కూర్చునేవాడు. ఊరికే ఇంటివైపు చూసి వెళ్లేవాడు. పరాయివాళ్ల గొడవ మనకెందుకు, ఆ బాండు ఇచ్చెయ్యమని మావారు కోప్పడ్డా నేను వినలేదు.

చివరికి తమ్ముడు భార్యను తీసుకుని నిజాంపేటకు మారిపోయి, బండల పని మానేసి, బాండు కోసం వచ్చాడు. "మా అన్న ఎన్నడు నా మీద చెయ్యెత్తలే మేడం. మీ ఒక్క మాటకు ఇద్దరం పగోళ్లమైనం" అన్నాడు. అన్న అడిగిన ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఆ అన్న డబ్బు సంగతి తెలియక అడిగాడో, ఏదో మనసులో పెట్టుకునే అడిగాడో నాకీనాటికీ తెలియదు. తమ్ముడు మాత్రం పిల్లా పాపలతో బతికాడు.

ఇప్పుడు పాలసీలన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి. మన కాలంలో తలనొప్పి అనుకున్న ఆ రాకపోకలూ, సాక్షులూ, గంటల తరబడి కూర్చోబెట్టి చెప్పడాలూ పోయి పని సులువైంది, నిజమే. కానీ ఒప్పుకున్నానని ఫోన్లో నొక్కే మనిషి పక్కన ఎవరు కూర్చుని నొక్కిస్తున్నారో ఎవరికీ కనబడదు.