చెంపతో చూసే నేల

“చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది? చెంప ఆనించు,” అనేవాడు మాన్‌సిక్ తాత. పొయ్యి వేడి గది నేల కిందుగా పారేలా రాళ్లు పరచడం ఆయన పని. ఎవరూ నేర్పలేదు, సొంతింటి నేలే మూడుసార్లు తవ్వి నేర్చుకున్నాడు. కాయలు కాసిన అరచేతులకి వేడి తెలిసేది కాదు. అందుకే పని కాగానే బోర్లా పడుకుని, నేలంతా చెంపతో తడిమేవాడు. “పడుకున్నాడు, దుప్పటి తెండి,” అని ఇంటి ఆడవాళ్లు నవ్వేవారు.

ఆయన మోకాళ్లు పడిపోయిన ఏడు, చలికాలంలో, కొండ అవతల కూతురు మల్‌సూన్ ప్రసవించింది. గది వెచ్చగానే ఉందని కబురు పంపింది. “చిన్నప్పుడూ ఇంతే. వణుకుతూనే వెచ్చగా ఉంది నాన్నా అనేది,” అంటూ, బాలింత సూపుకని సముద్రపు ఎండు నాచుకట్ట పక్కింట్లో ఉండే నా చేతిలో పెట్టాడు తాత. “ఇది ఇచ్చి, పసిబిడ్డ పడుకునే చోట ఓసారి చెంప ఆనించి చూడు. చల్లగా ఉంటే మా అమ్మాయికి చెప్పకు. నాకు చెప్పు, పాక్కుంటూ అయినా వస్తాను.”