సూరమ్మగారి ముగ్గుకి రెండు పలకలు

ఆ గుమ్మం పట్టుకుని ఊగడం మాని ఇలా వచ్చి కూచో. కలం ముంచుకున్నావా? నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంత ముక్కలు కలపకు. మధ్యలో "తరవాతేమైంది నానమ్మా" అని తొందరపెట్టకు.

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచి, మన కోనసీమలో కాలవలు తవ్వుతున్న రోజులవి. మీ నాన్న ఇంకా పుట్టలేదు. అమలాపురంలో ఈ ఇంటి అరుగే మా పనికొట్టు. మీ తాతగారు గుమ్మాలూ పడవ చెక్కలూ చేసేవారు, నేను జాలీలు కోసేదాన్ని. కిటికీ జాలీ చూశావుగా, తీగలూ పువ్వులూ మిగిలేలా మధ్య మధ్య చెక్క తీసేస్తాం. దానికి మామూలు రంపం పనికిరాదు. యానాంలో పరాసువాళ్ళ, అదే ఫ్రెంచివాళ్ళ, ఓడల మీద పనిచేసే వడ్రంగి ఒకాయన తాతగారికి విల్లులాంటి చట్రం ఒకటి ఇచ్చాడు. దానికి బిగించే పళ్ళ రేకు గడ్డిపరకంత సన్నం, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. "నా మొరటు చేతికి ఇది ఆగదు, నువ్వు పట్టు" అని తాతగారు నాకిచ్చేశారు.

చెక్క మధ్యలో ముక్క తియ్యాలంటే ముందు బర్మాతో చిల్లి వెయ్యాలి. రేకు ఒక కొస విప్పి, ఆ చిల్లిలోంచి దూర్చి, మళ్ళీ బిగించి కొయ్యాలి. ముక్క ఊడాక మళ్ళీ విప్పాలి. అబ్బ, ఎంత ఓపికో అనేవారు చూసినవాళ్ళు. నాకు ఓపికెక్కడిది? ఒకచోట కాలు నిలవదు, చెయ్యి ఊరుకోదు, అందుకని కోసేదాన్ని.

ఆషాఢం గాలికి తలుపులు కొట్టుకుంటున్న ఓ పూట, బండారులంక నుంచి రత్తమ్మ అని నేతవాళ్ళ కోడలు వచ్చింది. నా ఈడుదే. కూచోమంటే కూచోదు, పైట కొంగు వేలికి చుడుతుంది, విప్పుతుంది.

"ముగ్గు పలక కావాలండి. గీతలన్నీ కోసేసి ఉండాలి. నేలమీద పెట్టి పిండి జల్లితే ముగ్గు పడిపోవాలండి."

"చేతులున్నాయిగా, పలకెందుకమ్మా?"

"నాక్కాదండి, మా అత్తగారికి."

వాళ్ళత్తగారు సూరమ్మగారికి ఆ ఏడే చూపు పూర్తిగా పోయింది. ఆవిడ పుట్టిల్లు ద్రాక్షారామం. తల్లి నేర్పిన మెలికల ముగ్గొకటి ఉంది. రోజూ వాకిట్లో అది పడితేగాని పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. చూపు పోయాక రత్తమ్మ వేస్తోంది. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోడానికి ఆవిడ వేళ్ళతో తడుముతుంది. తడిమితే పిండి చెరిగిపోతుంది. "ఇదేం ముగ్గే, కోడి కెలికినట్టుంది" అని తిండి మానేసి కూచుంటుంది.

"నిన్న గంజి కూడా ముట్టలేదండి. పొద్దస్తమానం అరుగు మీద అటూ ఇటూ తిరుగుతానే ఉన్నారు. మనిషి సగమైపోయేరండి."

"నిన్నన్ని మాటలంటుంటే, ఆవిడ కోసం ఈ గాలిలో నడిచొచ్చావా?"

"ఆయ్. నన్ను తిట్టడానికైనా ఒంట్లో సత్తువుండాలి కదండి!"

ముగ్గుని బొగ్గుతో గుడ్డ మీద గీసి తెచ్చింది. గీత ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగొస్తుంది, తెగదు. ఆ పూటే పల్చటి టేకు పలక మీద దించి, గీత వెంబడే రేకు తిప్పుకుంటూ వెళ్ళాను. మెలిక చుట్టూ తిరిగి బయల్దేరిన చోటుకి వచ్చేసరికి మధ్యలో చెక్క టప్పున ఒళ్ళో పడింది. పడదూ మరి? కిటికీ జాలీలో గీత మిగులుతుంది, ఖాళీ పోతుంది. ఇక్కడ పోయేది గీతే. చుట్టూ కోసేస్తే లోపలి ముక్కని పట్టి ఉంచేదేముంది?

తాతగారు చూసి, "వాకిట్లో వెయ్యమంటే ఒళ్ళో వేసుకున్నావేం?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఇంకో పలక తీసుకున్నాను. ఈసారి గీత మధ్య మధ్య వేలెడు మేర కొయ్యకుండా వదిలాను, లోపలి ముక్కల్ని పట్టి ఉంచడానికి. తొందరలో రేకులు పుటుక్కు పుటుక్కున విరిగి ఒక్కటే మిగిలింది. యానాం నుంచి పడవొస్తేగాని కొత్తవి రావు. అయినా పని పూర్తి చేసి, వాళ్ళొచ్చి పట్టుకెళ్ళేదాకా ఆగలేక నేనే పలక చంకన పెట్టుకుని బండారులంక వెళ్ళాను.

లోపల మగ్గం చప్పుడు. అరుగు మీద సూరమ్మగారు గోడ పట్టుకుని తిరుగుతోంది. ఎముకలూ చర్మమూ. పలక ఒళ్ళో పెడితే వేలు గాడిలో పెట్టి నడిపించింది. ఎంత తడిమినా చెరగదు కదా! మొహం విప్పారింది. అంతలో వేలు ఆగింది.

"ఇక్కడ తెగిందేం?"

"అక్కడ పట్టుండాలండి. లేకపోతే మధ్యది ఊడిపోతుంది."

"ముగ్గు తెగకూడదమ్మాయ్. తెగిన చోటునుంచి ఇంట్లోకి ఏదైనా దూరుతుంది. మా అమ్మ చేత్తో ఎప్పుడూ తెగలేదు."

"తెగిన చోట నేను కలుపుతానండి," అంది రత్తమ్మ, గుమ్మం వెనక గంజి గిన్నె పట్టుకుని.

"నువ్వా? ఇన్నాళ్ళూ కలిపింది చాలదూ!" అని పలక అవతలికి తోసేసింది. గంజీ తోసేసింది.

పలక మళ్ళీ చంకన పెట్టుకుని, తిరిగొస్తూ కాలవ గట్టు మీద పరుగులాంటి నడక నడిచాను. మనసు ఒకచోట లేదు. ఆవిడ అలాగే పోతే? పట్టు లేకపోతే పలక లేదు, పట్టుంటే ముగ్గు తెగుతుంది. సగం దారిలో ఆగిపోయాను. ఈ పలకలో లేనిది ఇంకో పలకలో ఉంటే?

ఇంటికొచ్చి దానికి జతగా అదే కొలతకి రెండో పలక కోశాను. మొదటిదాంట్లో వదిలేసిన ముక్కలు మాత్రమే ఇందులో కోత. రెండింటి మూలల్లోనూ ఒకే చోట చిల్లులు. నేలలో మేకులు పాతి, వాటికి తగిలిస్తే పలక అటూ ఇటూ జరగదు. కోతంతా ఆ మిగిలిన ఒక్క రేకుతోనే, ఊపిరి బిగబట్టి.

మళ్ళీ వెళ్ళి వాళ్ళ వాకిట్లో మేకులు పాతాను. సూరమ్మగారు ఒక చెయ్యి ఒక పలక మీద, రెండో చెయ్యి రెండో పలక మీద పెట్టి మూలనుంచి మూలకి తడుముకుంటూ వెళ్ళింది. "ఇక్కడ లేనిది అక్కడుందన్నమాట," అంది. "రత్తీ, పిండి పట్రా."

మొదటి పలక తనే మేకులకి తగిలించి పిండి జల్లింది. ఎత్తింది. రెండోది తీసి కోడలి కేసి చాపింది.

"నేనా అండి?"

"మరెవరు? ఊరికే నిలబడి ముక్కు చీదడమెందుకు, చెయ్యి ఖాళీయేగా! కలుపు."

రత్తమ్మ దాన్ని మేకులకి తగిలించి పిండి జల్లింది. పలక ఎత్తింది. గీత మొదలైన చోటుకి తిరిగొచ్చి కలిసిపోయింది.

"తెగిందా?"

"లేదండి."

ఆవిడ తడమడానికి చెయ్యి చాపింది. పిండికి జానెడు పైన చెయ్యి ఆగింది. ఆగి, వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"గంజి పట్రా," అంది.

రాసుకున్నావా? ఆ తరవాత ఎవరేం కొయ్యమన్నా, కోసే ముందు ఏది ఊడిపోతుందో చూసుకునేదాన్ని. ఆ పని నాకు నేర్పిన పాఠం అది. ఆ రెండో పలక మాత్రం ఒక్కదాన్నే చూస్తే ముగ్గులా ఉండదు, ఏవో గాట్లు. సూరమ్మగారు అది ఎవరి చేతికిచ్చిందో చూసి, నా ఇంటికి కోడలొచ్చాక నేను కూడా…

"అత్తయ్యగారూ! అన్నం చల్లారిపోతోందండి. మీరొస్తేగాని నేను తిననండి!"

ఆయ్, వస్తున్నానమ్మా! ఎక్కడున్నాం? ఆఁ, సూరమ్మగారు గిన్నె నోటిదాకా తెచ్చుకుని, ఆగి, రత్తమ్మ కేసి తిరిగి, "నువ్వు తిన్నావా?" అంది.