ఆవిరి బీన్సూ, బత్తాయి పండ్లూ

ఈ రోజు మధ్యాహ్నం బీన్స్ తరిగి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, ఉప్పూ మిరియాల పొడీ చల్లాను. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి రమణమ్మక్క, తాలింపు లేని ఆ కూర వైపు జాలిగా చూసి వెళ్ళిపోయింది. సాయంత్రం బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని మా ఆయన్ని పలకరించడానికి వచ్చింది.

“ఆయనకేమైందక్కా, బాగానే ఉండాడు గదా!” అన్నాను.

“నా దగ్గిర దాస్తావేందమ్మే? బాగుండే మనిషికి ఎవురన్నా కారం లేని కూర పెడతారా?” అని కసిరింది.

మధ్యాహ్నం ఆ బీన్స్ ముట్టని మా ఆయన వెంటనే మంచమెక్కి, “నీరసంగా ఉండాదక్కా” అని మూలిగాడు.

అక్క ఆయన నుదురు తాకి చూసి, జ్వరం తగ్గాక చేపల పులుసు పంపిస్తానంది. ఆ మాటతోనే ఆయన లేచి కూర్చున్నాడు.

బీన్స్ ఇంకా గిన్నె నిండా ఉన్నాయి. ఒంట్లో బాగున్నవాళ్ళెవరైనా తినడానికొస్తారా?