గేటు బాగుచేసిన ఆదివారం

మొన్న సిడ్నీ శివారు గిరావీన్‌లో మా అమ్మాయి ఇంట్లో, మనవరాలు తన స్కూల్లో చదువుతున్న పాత నవల కథ చెప్పింది. ఓ చిన్న ఊళ్లో, చేయని నేరానికి ఒక నల్లజాతి మనిషిని దోషిని చేస్తారట. "బట్ దట్ వాజ్ అమెరికా, తాతా" అని పుస్తకం మూసేసింది. అప్పటినుంచి నాకు మనసు నిలవడం లేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని భయపడ్డ వైటూకే రోజుల్లో, పాత కంప్యూటర్ భాష కోబాల్ వచ్చిన మాబోటివాళ్లని ఎక్కడికి పడితే అక్కడికి పంపేవారు. నన్ను సిడ్నీకి ఎంతో దూరాన, గోధుమ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరికి, ఓ ధాన్యం కంపెనీ కంప్యూటర్లు సరిచేయమని పంపితే, నేనూ మా ఆవిడా అక్కడో అద్దె ఇంట్లో దిగాం. ఊరు మమ్మల్ని బాగానే చూసేది. పక్కింటాయన ఆ నేలకి అసలు వాళ్లయిన ఆదివాసీల మనిషి, లారీ నడిపేవాడు. ఊళ్లోని సరుకుల కొట్లో ఆయన అడుగుపెడితే మాత్రం కొట్టు యజమాని చూపంతా ఆయన చేతులమీదే ఉండేది.

ఓ ఆదివారం మధ్యాహ్నమంతా ఆయన మా పెరటి గేటు బాగుచేసి, మా ఆవిడ పెట్టిన పులిహోర తిని వెళ్లాడు. సాయంత్రం పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. ఆ మధ్యాహ్నమే ఎవరో కొట్టు తాళం పగలగొట్టారట, యజమాని ఈయన పేరే చెప్పాడట.

వెళ్లి చెప్పడానికి నేను వెనకాడాను. నా ఉద్యోగమూ వీసా ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. మా ఆవిడ చెప్పులేసుకుంటూ, "ఆయన మనింట్లోనే ఉన్నాడు కదండీ. మీరు రాకపోతే నేనే వెళ్లి చెప్తాను. నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లెండి" అంది.

స్టేషన్లో సార్జెంటు మర్యాదగానే, "మీరు మంచివాళ్లు, మేట్. వీళ్ల గొడవల్లోకి రాకండి" అన్నాడు. ఆ మెప్పు ఒంటిమీద జెర్రి పాకినట్టనిపించింది. మేమిద్దరం వాంగ్మూలం ఇచ్చి సంతకాలు పెట్టేదాకా కదల్లేదు. ఆయన్ని వదిలేశారు గాని, పొరపాటైందని ఒక్కరూ అనలేదు.

ఆపైన ఆఫీసువాళ్లు బార్బీలని పిలుచుకునే ఆరుబయటి విందులకి మాకు పిలుపులు ఆగిపోయాయి. పొడిగిస్తామన్న కాంట్రాక్టూ పొడిగించలేదు. మేం బయలుదేరే రోజు పక్కింటాయన వచ్చి పెట్టెలన్నీ కార్లో పెట్టాడు. "మీకు సిడ్నీ ఉంది. నాకిదే ఊరు" అన్నాడు, నిష్ఠూరమేమీ లేకుండా.

ఇప్పుడు సిడ్నీలో మనవాళ్లు స్థిరపడ్డ హారిస్ పార్కు పేటలో ఏ విందుకి వెళ్లినా మన మాటే, మన వంటే. "ఆ సబర్బ్‌లో ఇల్లు కొనకండి అంకుల్, అక్కడ వాళ్లెక్కువ" అంటారు మనవాళ్లే. వాళ్లంటే ఎవరని అడుగుతాను. ఎవరో చట్నీ గిన్నె ఇటు జరుపుతారు. ఆ ఊళ్లో మేమిద్దరమే ఉన్నప్పుడు పక్కింట్లో ఎవరుండేవారో మాకు తెలుసు. ఇంతమందిమయ్యాక తెలియడం లేదు.