నాయన కామాలు

వడమాలపేటలో పొద్దున బస్సెక్కి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి తిరుపతికి వెళ్లడం మొదలుపెట్టేనాటికి నాకు ముప్పై ఆరేళ్లు. డిగ్రీ అయి, పెళ్లయి, ఇద్దరు పిల్లలు బడికి వెళ్లేదాకా వచ్చాక పుట్టిన బుద్ధి అది. అత్త ఒప్పుకుంది గానీ గడువు పెట్టింది. నాలుగు నెలలు పిల్లల్నీ ఇంటినీ తాను చూసుకుంటుంది. ఆలోగా నా చదువు ఎవరికైనా పనికొస్తే సరే, లేదంటే కంప్యూటరు మూసేసి ఇంటిపట్టున ఉండాలి. సరేనన్నాను. నాకు పంతం ఎక్కువ, ముందుచూపు తక్కువ.

అక్కడ నేర్చుకున్నవాటిలో నాకు బాగా నచ్చింది స్ప్లిట్. పొడుగాటి వాక్యం ఇచ్చి, కామా ఉన్నచోటల్లా కొయ్యమంటే ముక్కలు చేసి వరసగా పెడుతుంది. మొదటి ముక్క ఇది, రెండోది ఇది అని తీసుకోవడమే. బీన్స్ కాయలు తుంచినంత హాయిగా ఉండేది. ఇంత చిన్నదానికి అంత సంబరమా అని పక్క సీటు అమ్మాయి నవ్వేది.

మూడో నెల పరీక్షకు, నిజంగా ఎవరైనా వాడుకునే ప్రోగ్రాం రాయమన్నారు. నాకు నాయన గుర్తొచ్చాడు. పలమనేరు దగ్గర మా ఊళ్లో ఆవులు మేపుతాడు. పాలకేంద్రానికి వచ్చినవాళ్లను అడిగి, ఎవరి ఆవు చూడితో ఉందో, ఎన్నో నెలో, ఆవుకొక వరుస చొప్పున ఫోన్లో రాసి పశువుల డాక్టరుకు పంపుతుంటాడు. యాభై వరుసల్లో నెలలు నిండిన ఆవును వెతుక్కోవడం డాక్టరుకు తలనొప్పి. ప్రతి వరుసనూ కోసి ఇల్లు, ఆవు, నెల అని పట్టిక చేసి, తొమ్మిదో నెలవి పైకి తెస్తే చాలు. ఒక్క మధ్యాహ్నంలో రాసేసి, నా అంతటివాళ్లు లేరనుకున్నాను.

నాలుగో నెల మొదట్లో, ఒక ఆదివారం, ఊరికెళ్లి డాక్టరు ఎదుటే ప్రోగ్రాం నడిపించాను. ఎగువ వీధి ఆవుకు నెల ఉండాల్సిన చోట ‘ఎడమ కొమ్ము వంకర’ అని వచ్చింది. ఇంకో ఆవుకు ‘తంతుంది’ అని వచ్చింది. అది ఎన్నో నెలమ్మా అని డాక్టరు నవ్వు ఆపుకుంటూ అడిగాడు. నెలలు నిండిన ఆవులు మూడుంటే, నా పట్టికలో పైకి ఒక్కటీ రాలేదు. తల కొట్టేసినట్టయింది.

నాయన రాసింది తెరిచి చూశాను. మా వైపు ఆవు చెవికి నంబరు బిళ్ల ఉన్నా ఎవరూ ఆ నంబరు చెప్పరు. రంగు, కొమ్ము, గుణం, ఏ సంతలో కొన్నదీ అన్నీ చెబుతారు. నాయన అవన్నీ రాసి, ఊపిరి తీసుకున్నచోటల్లా కామా పెట్టాడు. నా ప్రోగ్రాం అన్నిచోట్లా కోసి, మూడో ముక్కే నెల అనుకుంది. నేనేమో ఇంట్లో కూర్చుని, నేనే రాసుకున్న పొట్టి వరుసలతో సరిచూసుకున్నాను.

కోపం నాయన మీదికి తిప్పాను. రంగు రాస్తే చాలదా, తన్నేదీ పొడిచేదీ అంతా దేనికన్నాను. నాయన పేడ తట్ట కింద పెట్టి నిదానంగా చెప్పాడు.

“తంతాదని తెలీక డాక్టరు ఎనకాల నిలబడితే ఎవురు జవాబు పాపా? నేను ముందర ఇల్లు రాస్తా, కడాన నెల రాస్తా. ఎప్పుడన్నా తప్పినానా? మధ్యలో ఎన్ని రాసుకుంటే నీకేం?”

ముందు నుంచి మొదటి కామా దగ్గర ఒకసారి, వెనక నుంచి మొదటి కామా దగ్గర ఒకసారి కోస్తే చాలు. మధ్యలో ఉన్నది ముట్టుకోకూడదు. అలా కొయ్యడం కూడా క్లాసులో చెప్పారు. ఇదెప్పుడు పనికొస్తుందిలే అని నేనే వదిలేశాను. కొట్టం పక్కన అరుగు మీదే కూర్చుని రెండు లైన్లు మార్చాను. మూడు ఆవులూ పైకొచ్చాయి. కొమ్ములూ, గుణాలూ, తన్నడాలూ ఏ ఆవువి ఆ ఆవు దగ్గరే ఉన్నాయి.

ఆ పట్టిక చూసుకుని డాక్టరు మర్నాడు ఎగువ వీధికి వెళ్లాడు. వంకర కొమ్ము ఆవుకు దూడ అడ్డం తిరిగి ఉందట. ఆయన ఉండబట్టి తల్లీ దూడా దక్కాయి. నాయన ఆ సంగతి ముందు నాకు కాదు, మా అత్తకు ఫోన్ చేసి చెప్పాడు. అత్త మాత్రం గడువు మాట ఎత్తలేదు. గడువుకు మిగిలిన మూడు వారాలూ ఆమె మొహం చూడాలంటేనే నాకు భయంగా ఉండేది.

గడువు తీరిన మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్తే, నా క్యారియర్ అప్పటికే కట్టి ఉంది. నాలుగు నెలలు అయిపోయాయని నేనే గుర్తు చేశాను.

“గడువు పెట్టింది నేను, తీసేసింది గూడా నేనే,” అంది అత్త, పిల్లకు జడ వేస్తూ. “బస్సు పోతాది, నడువు.”

కిటికీ పక్క సీటు దొరికింది. పుత్తూరు నుంచి వచ్చే జనం అంతా చూస్తున్నా, తిరుపతి దాకా ఏడుస్తూనే ఉన్నాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా లేదు.