ఉప్పు పెట్టిన చోటు

మా ముత్తాత తండ్రి లదేణి నాయక్. లదేణి అంటే ఎద్దుల వీపున సరుకు వేసి ఊళ్ళు దాటించే మా లంబాడీల పాత వ్యాపారం. సముద్రం ఒడ్డున ఉప్పు, దారిలో జొన్నలు ఎత్తుకుని ఆయన మంద సికింద్రాబాద్ కంటోన్మెంటుకు చేరేది. ఆ దండు తిన్న అన్నంలో ఉప్పు మాది. ముత్తాత నాయక్‌గా కూర్చున్న కాలంలో తాండా తగువులు ఆయన మాటతోనే తెగేవి. మా తాత వెండి పొన్ను కర్రతో రెజిమెంటల్ బజార్‌లో అడుగు పెడితే ధాన్యం సేట్లు లేచి నిలబడేవారట. రైలు వచ్చి ఎద్దుల పని తీసేసింది. అదే రైల్వేలో మా నాన్న గ్యాంగ్‌మాన్ అయ్యాడు. నేను మౌలాలిలో పుట్టాను. కర్ర ఇప్పుడు నా దగ్గర ఉంది. పొన్ను లేదు.

కాప్రా చెరువు అవతల ఒక రాళ్ళ చేను మాత్రం మిగిలింది. తనకు నౌకరీ ఉందని మా నాన్న తన వాటా తమ్ముడికే వదిలేశాడు కాబట్టి పట్టా చిన్నాయన కొడుకు పేరున ఉంది. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా ఆ చేనును ఎవరూ దున్నలేదు, బోరు వేయలేదు, అమ్మలేదు. కారణం భయం. మాలో పెళ్ళయినవాళ్ళను కాలుస్తారు, పెళ్ళికానివాళ్ళను పూడుస్తారు. ఒక లదేణిలో గత్తర తగిలి, వాంతులూ విరేచనాలతో మనుషులు రాలిపోతే, పిల్లలూ పెళ్ళికాని ఆడపిల్లలూ ఆ చేనులోనే ఉండిపోయారు. ఏ బండ పక్కనో, ఏ తుమ్మ కిందనో తెలియదు. తెలియదు కాబట్టి ఎక్కడ గడ్డపార దించాలన్నా మావాళ్ళకు చెయ్యి రాలేదు.

తెలిసిన మనిషి మా మేనత్త ఒక్కతే. ఆమె పెళ్ళి చేసుకోలేదు. తనను అక్కడే పెట్టాలని నా చిన్నప్పటి నుంచీ చెబుతోంది.

"మీరందరు పొగైపోతరు. నేనొక్కదాన్నే మట్టిల ఉంట. ఆ జాగ నాది" అని నవ్వేది.

పెళ్ళిళ్ళకు ముందు అత్త మా పెద్దల లదేణి నడిచిన బాట చెప్పేది. చెప్పడం మా బోలీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఏ వాగు దగ్గర ఎద్దు కాలు విరిగిందో, ఏ ఊరి పటేల్ నీళ్ళు తాగనివ్వలేదో, మజిలీ తర్వాత మజిలీ వరుసగా వచ్చేది. కాప్రా రాగానే నోరు మూసేది. చిటికెడు ఉప్పు నేల మీద పెట్టేది. మేము తలలు దించుకునేవాళ్ళం. కాసేపటికి "ఆడికెల్లి లేసినం" అనేది. తర్వాతి మాట మౌలాలి గుట్ట నీడలో మొదలయ్యేది. మధ్యలో ఏముందని ఎవరూ అడిగేవారు కాదు.

రెండేళ్ళ కిందట, తాండాల నోటి చరిత్రలను ఫోన్లో చూసే మ్యాప్ మీదికి ఎక్కిస్తున్న బృందం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మావాళ్ళ పిల్లే, నల్గొండ వైపు తాండా. అత్త గొంతు రికార్డు చేసి ఒక్కో మజిలీకి ఒక్కో గుర్తు పెట్టింది. గుర్తు మీద నొక్కితే అత్త గొంతు వినిపిస్తుంది. వాటిని కలుపుతూ ఎర్ర గీత సముద్రం నుంచి పాకి వచ్చి, కాప్రా ముందు తెగి, మౌలాలి దగ్గర మళ్ళీ మొదలైంది.

ఆ తెగిన చోటు నాకు నచ్చలేదు. చూసేవాళ్ళకు మా వంశం దారి మధ్యలోనే ఆగిపోయినట్టుంది.

"ఖాళీ ఉంటే ఉండనియ్యండి అంకుల్, ఆమె చెప్పనిది మేం పెట్టం" అంది అమ్మాయి.

నేనే అత్త దగ్గర కూర్చున్నాను. "నాయకుల బాట అత్తా. నడుమల తెగితే నలుగురు నవ్వరా?"

"ఎద్దుల్లేవు, ఉప్పు లేదు. నవ్వెటోల్లకు నువ్వెవరో సుత తెల్వదు. కిరాయి ఇంట్ల కూసొని మీసం తిప్పుతవు, ఏం నాయక్‌వురా నువ్వు!" అంది. తర్వాత లేచి చిటికెడు ఉప్పు కొంగున ముడి వేసుకుంది. "నన్ను ఏడ వెట్టాల్నో నీకన్న తెల్వాలె గద. పా" అంది చివరకు.

అమ్మాయిని కూడా పిలుచుకుని ఆటోలో వెళ్ళాం. పక్క ప్లాటులో మిషన్ బండ పగలగొడుతోంది. అత్త చేనులో కాలు పెట్టగానే అది ఆగింది. భోజనాల వేళ అయి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఆమె ఎటూ చూడకుండా నల్ల పరుపుబండ వెనక్కి నడిచింది.

"గీడికెల్లి గీడిదాంక" అని ఉప్పు పెట్టింది.

అమ్మాయి ఫోను నా చేతికిచ్చి అంచు వెంట నడవమంది. నడుము వంచకుండా నడిచాను. తెర మీద గీత నా అడుగుల వెంట పెరిగి మొదలైన చోటికే వచ్చి మూసుకుంది. అత్త తొంగి చూసింది.

"గంతేనా కనవడేది?"

మిషన్ మళ్ళీ మొదలైంది.

మ్యాప్ అందరికీ తెరిచిన కొన్నాళ్ళకు చిన్నాయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. రెజిమెంటల్ బజార్‌లో అతనికి ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. ఎప్పుడూ లేనిది మిఠాయి డబ్బా తెచ్చాడు.

"అన్నా, జిందగీల ఒక్క మంచి పని జేసినవ్. మా నాయిన ఆ చేన్ల ఉచ్చ పొయ్యనీకె సుత భయపడెటోడు. సూస్తే గింతేనా!" ఫోను తీసి, గుండ్రాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు. "దీన్ని ముట్ట, ఒట్టు. సుట్టు గోడ గట్టిస్త. కడమదానికి ఇంక తక్లీఫ్ లేదు."

"అమ్ముతవా?"

"మరి మేపాల్నా? ఎద్దులేవి?"

లోపలి గదిలోంచి అత్త "ఎవరొచ్చిన్రు?" అని అడిగింది.

"నేనే అత్తా. మిఠాయి తెచ్చిన."

"దేనికి?"

అతను నా వైపు చూశాడు.

నేను ఫోన్ చేస్తే అమ్మాయి ఆ రోజే గుర్తు తీసేసింది. అప్పటికే దాని ఫొటో తమ్ముడి ఫోనులో ఉంది, కొనేవాళ్ళ ఫోన్లలోనూ ఉంది. తాత కర్ర పట్టుకుని రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళి దుకాణం ముందు నిలబడ్డాను. తమ్ముడు లేడు. పనివాడు తల ఎత్తకుండానే "జెర పక్కకు జరుగు పెద్దాయనా, గిరాకొస్తున్నరు" అన్నాడు.

తర్వాత వెళ్ళినప్పుడు చేనులో సున్నపు గీతలు కనిపించాయి. ఆ తర్వాత తుమ్మలు లేవు. నల్ల పరుపుబండ లేదు. గుండ్రం చుట్టూ గోడ లేచింది. ఇచ్చిన మాట అతను తప్పలేదు.

ఈ వానలు మొదలైనప్పటి నుంచి అత్త మంచం దిగడం లేదు. బాట చెప్పమంటే మొహం గోడ వైపు తిప్పుకుంటుంది. ఉప్పు మూట కట్టి తలకింద పెట్టుకుంది. నిన్న నన్ను పిలిచింది.

"గోడకు తలుపు వెట్టిండా వాడు?"

"పెట్టిండు అత్తా. తాళంచెవి నా దగ్గర్నే ఉంది."

ఆ మాట నిజమే. చేను మాత్రం రోడ్డు అంచు నుంచి చెరువు గట్టు దాకా అమ్ముడుపోయింది, ఆ తలుపు దాకా వెళ్ళే దారితో సహా.