ఏ తేదీ నాటికి?

డెబ్బైలలో ఎమ్మిగనూరులో మా పక్కింటి అక్క, ఉద్యోగ ప్రకటన పడితే జీతం అడిగేది కాదు. "ఏ తేదీ నాటికి వయసు సూస్తారంట?" అనేది. తొందరగా బడిలో చేర్చుకోవడానికి అయ్యవారు ఆమె వయసు ఏడాది పెంచి రాశారు. ఆ ఏడాదే అడ్డొచ్చి బ్యాంకు పరీక్షకు అర్హత పోయింది.

"మాయమ్మనడిగితే నాకింకా వయసుండాది. సర్కారోళ్లు ఒప్పుకోరు" అని నవ్వింది. సాయంత్రం తన పుస్తకాలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. "నీకు గడువుండాది పాపా, నువ్వు రాయి."

రోజూ దగ్గర కూర్చుని చదివించింది. నాకు ఉద్యోగం వచ్చింది. ఆదోనిలో రైలెక్కిస్తూ, "బ్యాంకులో కుర్చీ ఎట్లుంటాదో వచ్చి సెప్పు" అంది.

నేను సెలవుకు వచ్చేసరికి ఆమె పెళ్లయి బళ్ళారి వైపు వెళ్ళిపోయింది. ఆ కుర్చీలోనే నా వయసంతా గడిచింది. ఎట్లా ఉంటుందో చెబుదామంటే ఆమె మళ్ళీ కనబడలేదు.